బాబాయి మింగిన దగ్గు

మొన్న మా ఆపరేషన్ థియేటర్‌కి కొత్త వెంటిలేటర్ వచ్చింది. బిగించడానికొచ్చిన బెంగాలీ దాదా తెర మీద నొక్కి చూపిస్తూ "ఇది వాల్యూమ్ మోడ్, ఇది ప్రెజర్ మోడ్" అంటుంటే, నాకు బాబాయి గుర్తొచ్చాడు. మత్తిచ్చిన మనిషికి ఊపిరి పోసే ఆ మిషన్లు చూసుకునే టెక్నీషియన్ని నేను. ఖరగ్‌పూర్‌లోనే పుట్టి, ఇక్కడే తల నెరిసినవాణ్ణి.

బాబాయి రైల్వే వర్క్‌షాపులో ఎయిర్ బ్రేకుల ఫిట్టర్. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో సైకిల్ ట్యూబుకి గాలి కొట్టాలన్నా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "మెల్లగా ఎక్కించాలిరా. రబ్బరుకీ పేనం ఉంటాది" అనేవాడు. ఆ ట్యూబుకున్న భాగ్యం తనకి లేదని పిన్ని మూతి తిప్పుకునేది. అంతటివాడికీ లోకంలో ఒక్క మాటంటే హడల్: 'అన్‌ఫిట్'. డాక్టరు ఆ ముక్క రాస్తే చేతిలో పని పోయి, ఏ గేటు దగ్గరో స్టూలు మీద కూర్చోబెడతారు. అందుకే మెడికల్ పరీక్ష అంటే చాలు, వర్క్‌షాపు వాళ్లంతా దగ్గులూ జ్వరాలూ మింగేసి ఛాతీ విరుచుకుని నిలబడేవారు. రిటైరై పదేళ్లయినా బాబాయికి ఆ అలవాటు పోలేదు.

ఆరేళ్ల కిందట పిత్తాశయంలో రాళ్లకి మా థియేటర్లోనే ఆపరేషన్ అన్నారు. ముందురోజు సాయంత్రం నేను వెళ్లేసరికి, పిన్నికి వినబడకుండా తువ్వాలు అడ్డుపెట్టుకుని దగ్గుతున్నాడు.

"ఏటి బాబాయ్, ఎన్నాళ్లనించి?"

"వారం. ఎవులికీ సెప్పకురా, అన్‌ఫిట్ రాసేత్తారు. మిషను కాడ నువ్వే కదా ఉంటావు!"

ఆ ఆఖరి మాటకి, సిగ్గులేకుండా చెబుతున్నాను, పొంగిపోయాను.

మర్నాడు మత్తు డాక్టరమ్మ దగ్గేమైనా ఉందా అని అడిగితే "ఫిట్, మేడమ్" అన్నాడు. స్టెతస్కోప్‌కి కూడా ఏమీ దొరకలేదు. ఆవిడ నా వైపు చూసింది. నేను మాస్కు సర్దుకున్నాను.

అరగంటకి మిషను మీద ప్రెజర్ అంకె పైకి పాకింది. లోపల వాచిన ఊపిరితిత్తులు గాలిని రానివ్వడం లేదు. డాక్టరమ్మ మోడ్ మార్చి, ప్రెజర్‌కి హద్దు పెట్టి, కొంచెం కొంచెంగా గాలి ఎక్కిస్తూ గట్టెక్కించింది. ఆపరేషన్ అయింది గానీ మిషను తీయలేకపోయారు. ఎంత మెల్లగా పంపినా, ఆ గాలే ఉన్న వాపుని ఇంకా రేపింది. తొమ్మిదోనాడు బాబాయి పోయాడు. దగ్గుందని నేనొక్క మాట అని ఉంటే, నయమయ్యేదాకా ఓ నాలుగు వారాలు ఆపేవారు, అంతే.

దాదా కాగితం చాపి, మిషను 'ఫిట్' అని రాసి సంతకం పెట్టమన్నాడు. మూడుసార్లు పరీక్షించాకే పెట్టాను. వచ్చే దారిలో పిన్ని ఇల్లుంది. ఎప్పటిలాగే టీ తాగి, ఆరోగ్యం అడిగి లేచి వచ్చేశాను. నాలుగు వారాల వాయిదాకి ఆనాడు ఇద్దరం జంకాం. పిన్నికి నిజం చెప్పడం మాత్రం ఆరేళ్లుగా వాయిదా వేస్తూనే ఉన్నాను.