మొత్తం వినిపించమన్నాను

కరోనా ఆంక్షలు ఎత్తేసి, మదనపల్లె టమాట మార్కెట్ మళ్లీ లారీలతో నిండిన వేసవిలో నన్ను మూడు షెడ్లకు పెద్ద మేస్త్రీగా వేశారు. మా మండీ యజమాని నారాయణప్పకు మదనపల్లెలో ఒక షెడ్డు, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి ఉండేవి. అంతకుముందు చాలా ఏళ్లు నేను మదనపల్లె షెడ్డులో కాయలు ఏరాను. తర్వాత అక్కడి జట్టుకే మేస్త్రీనయ్యాను. నా భర్త అదే మార్కెట్లో హమాలీ. ఆయన పోయిన తర్వాతే నేను కాయల గుట్ట ముందు కూర్చున్నాను. నాకు చదువు లేదు. సంతకం మాత్రం నేర్చుకున్నాను. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. అక్కడక్కడా నా మాట దిద్దబోతే వద్దంటున్నాను.

ఈ పని తెలియని వాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. రైతు తెచ్చిన సరుకు వేలంలో అమ్ముడయ్యాక షెడ్డుకు వస్తుంది. క్రేట్లు గుమ్మరించి గుట్ట పోస్తారు. దాని చుట్టూ ఆడవాళ్లం కూర్చుని ఏరతాం. పగిలింది, పుచ్చింది, మచ్చ పడింది ఒక పక్కకు వేస్తాం. మిగిలినదాన్ని సైజు చూసి, రంగు చూసి వేరు వేరు క్రేట్లలో సర్దుతాం. దీన్ని గ్రేడింగ్ అంటారు. ఏరేవాళ్ల మీద మేస్త్రీ, మేస్త్రీ మీద గుమాస్తా, ఆయన మీద యజమాని. కూలీలను పిలవడం, గుట్ట అయ్యేదాకా చేతులు ఆగకుండా చూడడం, తప్పు సరుకు పోతే మాట పడడం మేస్త్రీ వంతు. మూడు షెడ్లకు మేస్త్రీ అంటే సగం బతుకు బస్సులోనే.

ఏ షెడ్డుకు ఏ లారీ ఎప్పుడొస్తుందో అందరికీ తెలియాలని మా గుమాస్తా చలపతి ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. మాలో చదవగలిగిన వాళ్లు తక్కువ. అందుకని రాతలు లేవు, అన్నీ వాయిస్‌లే. బటన్ నొక్కి పట్టి మాట్లాడి వదిలితే మూడు ఊళ్లకూ మాట చేరుతుంది. లారీ రాని మధ్యాహ్నాలు చాలా ఉండేవి. అప్పుడు ఆ గ్రూపులో లారీల సంగతి పోయి లోకం సంగతి మొదలయ్యేది.

మొదలుపెట్టేది షమీమ్. పుంగనూరు షెడ్డులో ఏరేది. పదో తరగతి దాకా చదివింది. వాళ్ల మామ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఫోమ్ పరుపులు వచ్చాక ఆయన ఆ పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. మొగుడు ఆటో తోలేవాడు కానీ నడుము దెబ్బతిని మంచం పట్టాడు. ఇల్లు నడిచేది ఈమె కూలితోనే. ఫోన్లో వీడియోల కింద జనం వాదులాడుకునే మాటలు ఈమె చదివి మాకు వాయిస్‌లో చెప్పేది. మిషన్లు అన్ని పనులూ చేస్తే మనుషులు ఏం చేయాలి, పని లేకపోయినా అందరికీ డబ్బు ఇవ్వచ్చా, మరమనిషికి కోపం వస్తుందా అని ఎక్కడెక్కడి వాళ్లో కొట్లాడుకునేవాళ్లు. వాళ్లు మమ్మల్ని అడగలేదు. మేమే జవాబులు చెప్పుకునేవాళ్లం. కాయలు ఏరే ఆడవాళ్లకు ఈ వాదాలు ఎందుకని అప్పుడూ కొందరు నవ్వారు. ఆ వాదాల్లో పోయేది ఎవరి పని అని నేను వాళ్లను అడిగాను.

ఆ వేసవి నడుమ నారాయణప్ప గ్రేడింగ్ మిషన్ కొనాలనుకున్నాడు. కాయలు కదిలే పట్టా మీద దొర్లుతూ పోతుంటే కెమెరా చూసి వేరు చేస్తుంది. అయితే ఏది మంచి కాయో, ఏది కాదో దానికి ముందు చూపించాలట. బెంగళూరు కంపెనీ నుంచి కిరణ్ అనే ఇంజనీరు వచ్చాడు. ప్రతి షెడ్డులో రెండేసి ట్రేలు పెట్టించాడు. ఒకటి మంచి కాయకు, ఒకటి పనికిరానిదానికి. మేము ఏరి ట్రేలో వేస్తే ఫొటోలు తీసుకుంటానన్నాడు. ఆ పనికి కూలి కొంచెం ఎక్కువ ఇస్తామన్నారు. మన పని తీసుకుపోయేదానికి మనమే నేర్పడమేంటని గ్రూపు రెండుగా చీలింది. మూడు మధ్యాహ్నాలు వాదం నడిచింది. చివరికి, మనం నేర్పకపోతే పక్క మండీ వాళ్లు నేర్పుతారు, నేర్పి ఆ కూలి తీసుకుందాం అన్నాను నేను. నేర్పడం మొదలుపెట్టాం.

కొన్నాళ్లకు కిరణ్ యజమానికి ఒక మాట చెప్పాడు. పుంగనూరు ట్రేలు చూసి మిషన్ తడబడుతోంది, అక్కడ తప్పుగా వేస్తున్నట్టున్నారు అని. ఏ కాయ తప్పో, ఎలా తప్పో మాకెవరూ చెప్పలేదు. ఆ మాట విన్నాక చలపతి గ్రూపులో పాత వాయిస్‌లు వెతికాడు. ఆ మూడు మధ్యాహ్నాల వాదంలోది ఒకటి దొరికింది.

మా మండీలో శనివారం బట్వాడా, అంటే వారం కూలి పంచే రోజు. మూడు షెడ్ల వాళ్లూ మదనపల్లెకు వస్తారు. ఆ శనివారం కూలి పంచకముందే యజమాని నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. చలపతి, కిరణ్ అక్కడే ఉన్నారు. తలుపు తీసే ఉంది. బయట ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు. చలపతి ఫోన్ బల్ల మీద పెట్టి వాయిస్ వినిపించాడు. షమీమ్ గొంతు.

"సినిమాల్లో సూడలేదా అక్కా, మరమనిషికి తప్పు నేర్పిస్తే యజమానినే తరుముకుంటాది. మనం పుచ్చుకాయలన్నీ మంచి ట్రేలో ఏసేద్దాం. దానికి పిచ్చెక్కి నారాయణప్పన్న పంచ పట్టుకోని లాగనీ."

యజమాని కోపం చూపించలేదు. ఎవరి గొంతు అని మాత్రం అడిగాడు. షమీముదని చెప్పాను. దాచితే దాగే గొంతు కాదు. సోమవారం నుంచి ఆమె ఏ షెడ్డులోనూ కనపడకూడదని, ఆ సంగతి మేస్త్రీగా నేనే ఆమెకు చెప్పాలని అన్నాడు. అది మా రివాజే. కూలి మనిషిని తీసేసే మాట యజమాని నోట రాదు, మేస్త్రీ నోట రావాలి.

నేను చెప్పనన్నాను. తలుపు దగ్గర షమీమ్ కనిపిస్తూనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇల్లు ఏమవుతుందో ఆమె కళ్లల్లోనే తెలుస్తోంది. ఈ మండీ వెళ్లగొట్టిన మనిషిని పుంగనూరులో మరో మండీ పిలవదు. ఈ మాట మార్కెట్లో అందరికీ తెలుసు.

"ఆ ఒక్కటే ఇనిపిస్తే సాలదప్పా," అన్నాను. "ఆ మూడు దినాల మాటలూ మొదుట్నుంచి ఇనిపించు."

"నాకు పనుండాది రెడ్డెమ్మా. కూసోని మీ కబుర్లు ఇనేంత తీరిక లేదు."

"ఒక మనిషి కూడు తీసేదానికి టైముండాది, ఇనేదానికి లేదా?"

అని అక్కడే నేల మీద కూర్చున్నాను. బయట ఉన్నవాళ్లు కూడా కూర్చున్నారు. నేను సైగ చేయలేదు, వాళ్లే కూర్చున్నారు. కూలి తీసుకోకుండా ఎవరూ వెళ్లరు, పేర్లు పిలవాల్సింది నేనే కాబట్టి నేను లేవకుండా బట్వాడా జరగదు. ఇంజనీరు నోరు తెరిచి, విందాం సార్ అన్నాడు. చలపతి మాత్రం ఫోన్ తీసి జేబులో పెట్టుకోబోయాడు. యజమాని దాన్ని బల్ల మీదే పెట్టించాడు.

చలపతికి ఎందుకు తొందరో నాకు తెలుసు. తను అన్న మాట ఒకటి ఆయనకు కూడా గుర్తొచ్చిందని నాకు అనుమానం. చదవలేని నాకు ఏది ఎవరన్నారో చెవిలోనే నిలవాలి, మరో చోటు లేదు.

మొదట కుప్పం షెడ్డు మునెమ్మ. పని లేకుండా అందరికీ డబ్బు ఇవ్వాలని ఎవడో రాశాడట, తన మొగుడు పని ఉన్నప్పుడే సాయంత్రమైతే తాగుతున్నాడు, పని లేకుండా ఇస్తే పొద్దున పళ్లు తోమకముందే మొదలుపెడతాడు అంది. బయట నవ్వులు. తర్వాత మిషన్ చెడిపోతే దానికి జ్వరమొచ్చిందని సెలవిస్తారా అని ఒకామె, దానికి చీర కట్టి మన మధ్యలో కూర్చోబెడితే కూలి తగ్గించి ఇస్తారని ఒకామె. ఆ తర్వాత నా గొంతు వచ్చింది.

"మిషన్ దీపావళికి చీర అడగదని నారాయణప్ప మురుస్తాండాడు. అది మొరాయించిన దినం ఆయప్పే వచ్చి మన గుట్ట కాడ గొంతుకూసుంటాడు, సూడు."

యజమాని నా వైపు చూశాడు. నేను తల దించలేదు. అన్న మాట అన్నదే.

రెండో రోజు మాటల్లో మూడు షెడ్ల మధ్య తగువు. షమీమ్ ఎర్రగా పండిన కాయనంతా మంచి ట్రేలో వేస్తానంది. అది పనికిరాని ట్రేలో కదా పడాల్సింది అని మదనపల్లె షెడ్డు నుంచి ఒకామె అడ్డుపడింది. మీది ఢిల్లీకి పోయే సరుకు, ఎర్రకాయ దారిలోనే కుళ్లుతుంది, మాది తెల్లారేసరికి బెంగళూరు చేరుతుంది, అక్కడ ఎర్రదే అడుగుతారు అని షమీమ్ జవాబు. మా కుప్పం సరుకు మద్రాసుకు, మాకు సగం సగం అని మునెమ్మ. ఎవరి షెడ్డు ప్రకారం వాళ్లు వేయండని చివర్లో నేనే తీర్పు చెప్పాను. ఏ కాయ ఏ ఊరికి పోతుందో మాకు రోజూ ఉండే సంగతి. మిషన్‌కు అది తెలియదన్న తలపే మాకు రాలేదు.

కిరణ్ దాన్ని మళ్లీ వేయించుకుని విన్నాడు. తర్వాత తనే యజమానికి చెప్పాడు. పుంగనూరులో ఎవరూ తప్పు చేయలేదని, మూడు షెడ్లనూ ఒకే లెక్కలో కలిపింది తానేనని, ఇకపై ఊరు ఊరికి వేరుగా నేర్పించాలని. మర్యాద తెలిసినవాడు. తప్పు తన మీద వేసుకోవడానికి వెనకాడలేదు.

అంతటితో యజమాని ఫోన్ ఆపమన్నాడు. నేను ఆపొద్దన్నాను. షమీమ్ చేతిపనిలో తప్పు లేదని తేలింది కానీ, ఆమె అన్న మాట ఇంకా బల్ల మీదే ఉంది. ఎప్పుడైనా దాన్ని మళ్లీ తీయవచ్చు. మూడో రోజు మాటలు మొదలయ్యాయి. నాలుగైదు గొంతుల తర్వాత ఒక మగ గొంతు.

"మీ గుట్టలే కాదమ్మా, కాటా, బిల్లు కూడా అదే సేస్తాదంట. అట్లా దాన్ని నా కుర్సీలో కూసోబెడితే, దాని నోట్లో నేనే ఉప్పునీళ్లు పోస్తా."

గది చిన్నది. చలపతి గొంతు అందులో నిండుగా వినిపించింది. బయట ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. చలపతి గోడ మీద కేలండర్ చూస్తూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏందప్పా చలపతీ, నువ్వు కూడానా?" అన్నాడు యజమాని.

చలపతి కేలండర్ మీద నుంచి చూపు తిప్పలేదు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు, ఇంకా చదువుకుంటున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆయప్ప మాటే అన్నాడు, నీళ్లు పొయ్యలేదు. షమీము మాటే అనింది, పుచ్చుకాయ ఎయ్యలేదు. నేను నిన్ను తిట్నాను, నీ పని నిలపలేదు. మాటకు తీసేసేదుంటే ముగ్గుర్నీ తీసెయ్. లేదంటే ఎవుర్నీ తియ్యొద్దు."

నారాయణప్ప కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత బట్వాడా మొదలుపెట్టమన్నాడు. మొదటి పేరు షమీముదే పిలవమన్నాడు. క్షమించాననలేదు, నేనూ అడగలేదు. అడగాల్సిన తప్పు అందులో ఎవరిదీ లేదు.

లేవబోతూ మాత్రం ఒక హుకుం వేశాడు. ఇకపై గ్రూపులో లారీ టైములు తప్ప మరో మాట వినపడకూడదని.

"నీ గ్రూపు నువ్వు పెట్టుకోప్పా," అన్నాను. "మా మాటలకు మేం వేరే పెట్టుకుంటాం. ఇనాలంటే అడుగు, చేర్చుకుంటాం. ఇంటే మాత్రం మొత్తం ఇనాల."

ఆ సాయంత్రం పుంగనూరు బస్సు ఎక్కకముందే షమీమ్ కొత్త గ్రూపు పెట్టింది. నారాయణప్ప ఎప్పుడూ అడగలేదు. చలపతి అడిగాడు, నేరుగా కాదు, మునెమ్మ ద్వారా. చేర్చుకోవాలా వద్దా అని మళ్లీ ఒక మధ్యాహ్నం వాదించుకున్నాం. మన వాయిస్ తీసి ఇచ్చినవాడు కదా అని కొందరు, ఆయన కుర్చీ కూడా పోయేదే కదా అని కొందరు. చేర్చుకున్నాం. అడ్మిన్ మాత్రం షమీమే.

మిషన్ వచ్చింది. రాకుండా ఆపగలిగామని చెప్పుకునే అబద్ధం నాకు అక్కరలేదు. మదనపల్లె షెడ్డులో గుట్ట చుట్టూ మనుషులు తగ్గారు. మిషన్ ముందు నిలబడి చూసుకునే పని మా జట్టుకే ఇవ్వాలని పట్టుబట్టాం. కొందరికి దక్కింది, అందరికీ దక్కలేదు. కాటా దగ్గర చలపతి ఇంకా ఉన్నాడు. నేను మోకాళ్లు అరిగేదాకా చేసి మానుకున్నాను.

అంతకాలం మేస్త్రీగా ఉండి నేను నేర్చుకున్నది ఇది. పని పోయే మనిషికి ఆ పని గురించి నోరారా మాట్లాడే హక్కు ఉంది, నవ్వుతూ, తిడుతూ, సినిమా కథలు కలిపి మాట్లాడే హక్కు కూడా. ఆ మాటల్లోంచి ఒక ముక్క కోసి చూపించి మనిషిని తీసేయమంటే, ఏ మేస్త్రీ అయినా ముందు కూర్చోవాలి, మొత్తం వినిపించమనాలి. లేవడం ఆ తర్వాత.