కంప్యూటర్‌కు పథ్యం

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లిన తరం మాది. ఎనభైల చివర్లో తాండూరులోని మా సిమెంటు ఫ్యాక్టరీ మొత్తానికి ఉన్నది ఒక్కటే కంప్యూటర్. దానికో ఏసీ, నీలం పరదాలు, పైన మఖ్‌మల్ ముసుగు. మేనేజర్ సార్ గదికి కూడా ఏసీ లేదు (అందుకే ఎండాకాలంలో ఆయనకు కంప్యూటర్ మీద ఆసక్తి బాగా పెరిగేది). ఆ గదికి నేనే మహారాణిని. హైదరాబాదులో మూడు నెలల కోర్సు చేసి, రోజూ వికారాబాదు నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చి, స్టోర్‌లోని మిషన్ సామాన్ల జాబితాను అందులోకి ఎక్కించేదాన్ని. నాకు ఇరవై రెండేళ్లు. అందరూ కంప్యూటరమ్మ అనేవారు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

ఉద్యోగం ఆరు నెలల ట్రయల్ మీద. ఆడపిల్ల రైలెక్కి నౌకరీకి పోవడం మా నాన్నకు అంతగా ఇష్టం లేదు. "ఆర్నెల్లు జూద్దాం. పక్కా అయితే సరే, లేకుంటే బంద్" అన్నాడు. ఇంకా మూడు వారాలు మిగిలి ఉండగా హెడ్డాఫీసు నుంచి ఐదు ఫ్లాపీలు వచ్చాయి. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం ఉంటుంది కదా, డాస్ అనేవాళ్లం, దాని కొత్త వెర్షన్ అది. ఎక్కించడానికి వచ్చే నెలలో ఇంజనీరు వస్తాడని చీటీలో రాశారు. "గింత దానికి ఇంజనీరెందుకు సార్, నేను చేస్త" అన్నాను. (ఈ ఒక్క మాట వెనక్కి తీసుకునే వీలుంటే నా జుట్టు ఇంకో పదేళ్లు నల్లగా ఉండేది.)

అయిదో ఫ్లాపీ దాకా అంతా సాఫీగా సాగింది. తర్వాత మిషన్ ఒకసారి ఆపి ఆన్ చేశాను. తెర మీద అంకెలు గబగబా లెక్కపెట్టుకుంది, 'బీప్' అంది, నాలుగు అక్షరాలు చూపించింది, ఠక్కున నల్లబడింది. మళ్లీ మొదటి నుంచి అంకెలు, మళ్లీ బీప్, మళ్లీ నలుపు. ఏడ్చే పిల్ల తనంతట తనే ఊరుకుంటుందేమో అన్నట్టు పది నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. ఊరుకోలేదు. ఇంతలో మేనేజర్ సార్ వచ్చాడు. "సోమారం బట్టీ ఆపుతున్నం. రిపేరుకు ఏ సామాను ఏ అరల ఉన్నదో లిస్టు గావాలె. దాన్లనే ఉన్నది గద?" దాంట్లోనే ఉంది. అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకా రాత పుస్తకాలెందుకని స్టోర్ రిజిస్టర్లను నాలుగు నెలల క్రితం ఆపించిన మహానుభావురాలిని కూడా నేనే. ఆ రోజు గురువారం.

శుక్రవారమంతా వైద్యం నడిచింది. కర్ణాటకలోని సేడం నుంచి వచ్చే కరెంటాయన తల అడ్డంగా ఊపి, "అర్థింగ్ సరి ఇల్ల మేడం" అని కిటికీ బయట గుంత తవ్వి ఉప్పూ బొగ్గూ వేసి రెండు బకెట్ల నీళ్లు పోశాడు. క్యాంటీన్ అక్క, "గా నీలం పరదలు జూసి అందరి దిష్టి తాకింది" అని తెర పైన నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. మా అమ్మ అనంతగిరి స్వామి కుంకుమ పొట్లం కట్టి పంపింది. దాన్ని డబ్బా మీద పెట్టాను గాని కీబోర్డు మీద చల్లలేదు (ఆ మాత్రం సైన్సు నాకు తెలుసు). మిషన్ మాత్రం తన లెక్క తాను పెట్టుకుంటూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం స్టోర్ చాచా టిఫిన్ డబ్బాతో వచ్చాడు. నేను ఆపించినవి ఆయన రిజిస్టర్లే. ఇరవై ఏళ్లుగా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నవి. నన్ను దెప్పడానికి అంతకంటే మంచి రోజు ఆయనకు దొరకదు. కాని ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏమైంది బిడ్డా, గింత పరేషాన్ గున్నవ్?" అన్నాడు. దాంతో నాకు ఏడుపు ఆగలేదు.

"లేస్తది చాచా, మల్ల పడిపోతది."

"ఏం తిన్నంక పడిపోతున్నది?"

ఏడుస్తూనే నవ్వాను. ఆయన నవ్వలేదు. "జర విను. నాకు కడుపునొప్పి లేస్తే హకీం సాబ్ ఏం జేసిండు? మందియ్యలే. తిండంత బంద్ పెట్టిచ్చిండు. నొప్పి పోయింది. అటెంక దినానికొకటి తినుమన్నడు. వంకాయకాడ దొరికింది."

అప్పుడు తట్టింది నాకు. కంప్యూటర్ నిద్రలేవగానే ఏమేం మింగాలో వరుసగా రాసి ఉండే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అందులోదే ఏదో మింగి పడిపోతోంది! బీరువాలోంచి పాత డాస్ ఫ్లాపీ తీసి, దానితో మిషన్‌ను లేపి, ఆ ఫైలులోని తొమ్మిది వరుసలూ తీసేశాను. ఫ్లాపీ బయటికి తీసి, మళ్లీ ఆన్ చేశాను. లేచింది. నిలబడింది. ఒక్కో వరుసా చేర్చి, ఆపి, ఆన్ చేస్తూ పోయాను. చాచా అన్నం తింటూ, "ఎన్నో ముద్ద?" అని అడుగుతున్నాడు. ఎనిమిది దాకా ఏం కాలేదు. తొమ్మిదోది పెట్టగానే ఠక్కున నలుపు.

"దొరికిందా వంకాయ?"

"దొరికింది చాచా."

"ఎవరు వండిండ్రు?"

ఆ తొమ్మిదో వరుస నేను పెట్టిందే. వచ్చినవాళ్లు చూసి 'అబ్బా' అనాలని, కోర్సులో ఒక స్నేహితురాలి ఫ్లాపీ నుంచి తెచ్చి తెర మూలన తిరిగేలా పెట్టిన చిన్న గడియారం. పాత డాస్ దాన్ని ఓర్చుకుంది, కొత్తదానికి సయించలేదు. "నేనే" అన్నాను. చాచాకు నవ్వీ నవ్వీ పొలమారింది.

మేనేజర్ సార్ వచ్చి రోగమేమిటని అడిగితే చాచా నాకంటే ముందే, "అజీర్తి సార్, తగ్గింది" అన్నాడు. కరెంటాయన తన గుంత వైపు గర్వంగా చూసుకున్నాడు. క్యాంటీన్ అక్క నిమ్మకాయ మార్చింది. నేను ఎవరి గొప్పనూ కాదనలేదు. లిస్టు రెండు ప్రతులు తీసి ఒకటి చాచాకిచ్చి, "మీ రిజిస్టర్ మల్ల షురూ జెయ్యుండ్రి, రెండూ ఉండనియ్యుండ్రి" అన్నాను. సోమవారం బట్టీ ఆగింది, వారానికి మళ్లీ రాజుకుంది. మూడు వారాల తర్వాత నా ఉద్యోగం పక్కా అయింది. మా నాన్న స్టేషన్‌కు పోయి మూడు నెలల పాసు తానే తీసుకొచ్చాడు.

మేనేజర్ సార్ ఎక్కడైనా ఇది చదివితే, సార్, తప్పు అర్థింగ్‌ది కాదు. ఆ తర్వాత ఎన్నో మిషన్లు బాగుచేశాను, కొన్నింటిని నేనే చెడగొట్టి మరీ. ఆ శనివారం సాయంత్రం బండిలో, ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తానొక్కతే నిలబెట్టినట్టు మొహం వెలిగించుకుని కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఇప్పుడు ఎదురైతే, గడియారం మాట ఎత్తను. కొంచెం జరిగి, కిటికీ పక్క సీటు ఇస్తాను.