పెద్దమ్మ ఇచ్చిన దూలం

సెల్‌ఫోన్లు మా ఊరికి కొత్తగా వస్తున్న రోజులు. మల్దకల్ అవతలి మా ఊళ్లో కమ్యూనిటీ హాలు కడదామని చందాలకు బయలుదేరినప్పుడు పెద్దలు నన్నే ముందు నడిపించారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాణ్ని, మాటకారిని. నాలుకకు నరం లేదంటారు కదా, ఆ మాట నా కోసమే పుట్టి ఉంటుంది.

వరసగా రెండేళ్లు వానల్లేవు. డబ్బు లేనివాళ్లు వస్తువైనా ఇవ్వొచ్చన్నాం. ఒకరు బండెడు రాళ్లు తోలారు, ఇంకొకరు ఇసుక, కొందరు ఒంటి కష్టం ఇచ్చారు. రేకులు మోసే నడిమి దూలం మాత్రం దొరకలేదు. గద్వాల కట్టెల అడితిలో ధర విని నోరు మూసుకుని తిరిగొచ్చాం.

అప్పుడు మా వీధి చివరి పెద్దమ్మ ఇల్లు గుర్తొచ్చింది. వరసకు పెద్దమ్మ. మొగుడు పోయి ఏడాది దాటింది. ఆయన పోయేముందు పొలం గట్టు మీది వేపచెట్టు కొట్టించి, దూలం చెక్కించి గోడవారన ఆరబెట్టాడు. వాళ్ల ఇంటి పాత దూలాన్ని చెదలు తినేస్తే కింద గుంజ పెట్టి నిలబెట్టుకున్నారు. అది నాకు కనబడలేదని అబద్ధం చెప్పను. ఆ గుంజకు ఆనుకుని కూర్చునే అడిగాను.

“పెద్దనాయన పేరు బండ మీద చెక్కిస్తం పెద్దమ్మా. ఊరున్నన్ని దినాలు ఉంటది.”

“నా ఇల్లు గిట్లున్నది గద బిడ్డా?”

“హాలు కానీ, ఊరంత కలిసి నీ ఇల్లు నిలబెడ్తం.”

ఆమె లేచి దూలం మీది దుమ్మును కొంగుతో తుడిచింది. “తీస్కపోండ్రి” అంది. బండికెక్కించేముందు దానికి పసుపు రాసింది.

హాలు లేచింది. నాయకుల పేర్లతోనే బండ నిండిపోయి పెద్దనాయన పేరు ఎక్కలేదు. పెద్దమ్మ ఇంటి సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ప్రవేశానికి ముహూర్తం కుదిరేదాకా తాళం వేసి ఉంచాం. తాళంచెవి నా దగ్గరే ఉండేది.

ఆ ఏడు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున గుంజ జారి పెద్దమ్మ ఇంటి కప్పు కూలింది. వాకిట్లో ఉండబట్టి బతికింది. తడిసిన బొంత నెత్తిన పెట్టుకుని మా గడప ముందుకొచ్చి నిలబడింది.

“జర తాళం తియ్యి బిడ్డా. వాన నిలిచేదాంక నా దూలం కింద పండుకుంట.”

“ఇంక పాలు పొంగియ్యలే పెద్దమ్మా. మొగుడు లేనిదానివి, ముందుగాల నువ్వు అడుగు వెడ్తె ఊరోళ్లు ఊకుంటరా?”

నిజానికి ఊరివాళ్లను నేను అడగనే లేదు. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. ఆమె వెళ్లి, పక్కింటి గొడ్ల కొట్టంలో తలదాచుకుంది. నాకు సిగ్గు వేయాల్సింది, విసుగు వేసింది.

ప్రవేశం నాడు ఆచారం ప్రకారం ముందు ఆవును లోపలికి తోలాం. అది డప్పులకు బెదిరి సరిగ్గా దూలం కిందికి పోయి పేడ వేసింది. శుభమని అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను. పెద్దమ్మ గడప అవతల నిలబడి ఉంది.

“ఆవు పోయొచ్చింది గద బిడ్డా. ఇగ నేను రావొచ్చునా?”

లోపల ముత్తైదువలు పాలగిన్నె చుట్టూ ఉన్నారు.

“అందరు తిన్నంక రా పెద్దమ్మా” అన్నాను.

ఆమె అలాగే అందరూ తిన్నాక వచ్చింది. అప్పటికి నేను తాళం వేసేశాను.