మోకాలి ఎత్తు కుళాయి

సర్... సర్... మర్రాకేష్ పాత ఊళ్లో, గాడిద కూడా ఒదిగి నడిచే సందు చివర, కొత్త అతిథిగృహం మేడమీద నుంచి మూడు రోజులుగా ఆ చప్పుడు. తడి సున్నం మీద నున్నటి రాయి తిరుగుతున్న చప్పుడు. అప్పుడప్పుడు ఆగేది. ఆగినప్పుడు బ్రిక్ అనే మేస్త్రీ ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉండేవాడు.

అరవై నాలుగేళ్ల మనిషి. స్నానాలగది గోడకు పలకలు అతికించడం అతని పని కాదు. సున్నం పూస్తాడు, ఆరేలోపు అంగుళం అంగుళం రాయితో రుద్దుతాడు, ఆపైన ఆలివ్ నూనెతో చేసిన నల్లసబ్బు పట్టిస్తాడు. ఇక ఆ గోడ చుక్క నీరు తాగదు. కింద ఆకుపచ్చ పలకలు, పైన దేవదారు దూలాలు, గోడలోంచి ఒక్క ఇత్తడి కుళాయి. వెలుతురు అక్కడ మెల్లగా నడుస్తుంది.

ఆ మధ్యాహ్నం ఇంటావిడ లల్లా ఘీతా వచ్చింది. లల్లా అంటే అక్కడ అమ్మగారని. గోడకు చెంప ఆనించి మురిసిపోయింది. తర్వాత కిందికి చూసింది.

"మేస్త్రీ, కుళాయి మోకాలి దగ్గరుందేమిటి? దీనికింద ఎవరు స్నానం చేస్తారు, పిల్లులా? వచ్చేవాళ్లు నిలబడితే నెత్తిన నీళ్లు పడాలి!"

బ్రిక్ తెల్లబోయాడు.

గొట్టాలు బిగించిన బావమరిది లహ్బీబ్ గుమ్మంలోనే చేతులెత్తేశాడు. "నావైపు చూడకండి లల్లా. ఎంతెత్తులో పెట్టమంటావని అడిగాను. ఎప్పుడూ ఉండేచోటేరా, అన్నాడు బావ."

"పోనీ, పైన పిడికిలంత కన్నం కొట్టి కుళాయి అక్కడ పెట్టి, కింద అతుకు వేసెయ్యండి," అంది ఆమె.

అతుకు వేస్తే గంటలో ఇంటికి పోవచ్చు. భుజం అదే అడుగుతోంది. కాని అతుకు నీళ్లు తాగుతుంది. ఒక్క చలికాలం గడిస్తే గోడంతా ఉబ్బుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"ఊ అనెయ్ బావా," గొణిగాడు లహ్బీబ్. "ఇదంతా మళ్లీ రుద్దావంటే, మా అక్క నీకు రొట్టె తుంచి నోట్లో పెట్టాల్సొస్తుంది."

"పెడుతుందిలే. ఉలి ఇలా ఇయ్యి."

మొదటి దెబ్బకు మూడు రోజుల మెరుపు పెచ్చుగా రాలింది. లల్లా ఘీతా నోరు నొక్కుకుంది. సగం గోడ పూత రాలేసరికి బ్రిక్ చెయ్యి పైకి లేవలేదు. ఉలి లహ్బీబ్‌కి అందించి, సున్నపు పెళ్లల మధ్య చతికిలబడ్డాడు.

"కొత్త గోడకి ఇంకో మూడు రోజులు పడుతుంది లల్లా," అన్నాడు. "ఈసారి ఆ కుళాయి ఎంతెత్తులో ఉండాలో మీరే చెయ్యి పెట్టి చూపించండి. నేను పుట్టి బుద్ధెరిగాక నిలబడి స్నానం చెయ్యలేదు."