టీచరమ్మ కోసం యలహంకకు

నాకు అక్షరాలు నేర్పింది ఎనిమిదేళ్ల నా మనవరాలు గంగ. బడి నుంచి రాగానే పలక నా ఒళ్లో పెట్టేది. తప్పు రాస్తే చెవి పిండేది. చెనక్కాయ పంట ఎండిపోయాక నా కొడుకు, కోడలు కట్టడం పనికి యలహంక పోయారు. రెండేళ్ల తమ్ముణ్ణి చూసుకుంటుందని గంగనూ తీసుకుపోయారు. అప్పటికి నేను గుణింతాలు దాటి వత్తుల దగ్గరికి వచ్చాను. నాలుగు నెలలైంది. సోమవారం లోపల రాకపోతే గంగ పేరు కొట్టేస్తామన్నారు బడిలో. శనివారం నేనే బయలుదేరాను.

ముదిగుబ్బలో ఆరింటికి బస్సు, ధర్మవరంలో ఎనిమిదింటికి రైలు. కిటికీ పక్కన కూర్చుని రాగిరొట్టె తింటూ స్టేషన్ల పేర్లు చదివాను. పెనుకొండ వచ్చింది. హిందూపురం వచ్చింది. తర్వాతి బోర్డు చూసి ఒళ్లు మండింది. ఒక్క అక్షరానికీ తలకట్టు సరిగా లేదు. నిలబెట్టాల్సినదాన్ని అడ్డంగా పడుకోబెట్టారు.

"ఇది రాసినోనికి చెవి పిండేటోళ్లు లేరా?" అన్నాను గట్టిగా.

ఎదురుగా పూలబుట్టతో కూర్చున్నామె, "అది కన్నడమమ్మా. గౌరిబిదనూరు వచ్చింది, ఆంధ్రా దాటినాం" అంది. పెట్టెంతా నవ్వింది. మీరు పోయేటప్పుడు గౌరిబిదనూరులో కాస్త గొంతు తగ్గించి చదవండి.

పదకొండున్నరకు యలహంకలో దిగి ఆటోలో పనిచోటుకు చేరాను. గంగ తమ్ముణ్ణి చంకనేసుకుని, దుకాణాల కన్నడ బోర్డులు చూసి బొగ్గుతో గోడమీద ఏవో గీస్తోంది. నేను వచ్చిన పని చెప్పగానే కోడలు ఇటుకలు దించేసింది.

"ఇది వస్తే పిల్లోన్ని ఎవురు సూస్తారత్తా? మొన్న నీళ్లతొట్లో పడబోయినాడు. ఇది పట్టుకోబట్టి ఉండాడు."

దానికి జవాబు అన్నం తిన్నాక దొరికింది.

"అయితే వాన్నీ ఇయ్యి. మన వీధిలోనే అంగన్వాడీ ఉండాది."

"మోకాళ్ల నొప్పులతో ఇద్దర్ని యాడ మోస్తావమ్మా?" అన్నాడు కొడుకు.

"నాకు వత్తులు రావల్లప్పా. మోస్తాలే."

కోడలు పిల్లవాడి ముఖం కడిగి, రెండు చొక్కాలు సంచిలో పెట్టింది.

నాలుగింటి రైలెక్కాం. దొడ్డబళ్లాపురం దాటకముందే వాడు నా చీర తడిపాడు. యలహంక పెద్ద ఊరంటారు. నేను చూసింది ఒక గోడ, ఒక నీళ్లతొట్టి.

హిందూపురంలో రైలు ఆగింది. "చదువు టీచరమ్మా" అన్నాను.

గంగ బోర్డును చాలాసేపు చూసింది. "తలకట్లన్నీ ఇట్లా లేసి నిలబడినాయేంది జేజీ? తప్పు రాసినారు."

పెట్టెలో ఎవరో నవ్వారు. నేను మెల్లగా దాని చెవి పట్టుకున్నాను. ధర్మవరం దాకా వదల్లేదు.