మా బావ చలికాలపు గడ్డి

నాకు చాలా ఏళ్లపాటు ఒక సవతి ఉండేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. అది ఆడమనిషి కాదు, గడ్డి. గల్ఫ్‌లో, ఎడారి మధ్య, ఒక పెద్ద హోటల్ ముందు చలికాలంలో మాత్రమే పచ్చగా లేచే గడ్డి. నా మొగుడు దానికి తోటమాలి.

నా మొగుడంటే మా మేనత్త కొడుకే. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. పెళ్లయిన కొన్నాళ్లకే తోటపని వీసా మీద వెళ్లాడు. అక్కడ ఎండాకాలంలో మనుషులే బయటికి రారట, ఇక లాన్ ఎవరు చూస్తారు? అందుకని మే, జూన్‌లలో సెలవిచ్చేవాళ్లు. ఎండ తగ్గేసరికి అసలు పని మొదలు. ఎండాకాలపు గడ్డిని నేలదాకా కొట్టేసి, దాని మీద చలికాలపు గడ్డి విత్తనం చల్లి, వచ్చే అతిథుల కోసం పచ్చగా లేపాలి. ఆ నెలల్లో సెలవన్న మాట ఎత్తకూడదు.

దాంతో మా కాపురమంతా ఎండాకాలంలోనే జరిగింది. మామిడిపళ్లు, కూలర్ చప్పుడు, ఉప్పల్ రింగ్‌రోడ్డు మీద చెరుకురసం, మా ఇద్దరి జ్ఞాపకాలంటే ఇవే. బావ స్వెటర్ వేసుకుని ఉండగా నేను ఒక్కసారీ చూడలేదు. ప్రతి ఏడూ బతుకమ్మ ముందు ఫోన్‌లో "ఈసారన్న వస్తవా బావా?" అని అడిగేదాన్ని. జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఇప్పుడు సీజన్ పిల్లా. గడ్డిని ఇడిసిపెట్టి ఎట్ల వస్త?"

ఆ మాటకి నాకు ఒళ్లు మండేది. "ఆ గడ్డి మెడలనే తాళి కట్టకపోయినవ్" అని ఫోన్ పెట్టేసేదాన్ని. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల ప్యాకింగ్ నా పని. లైన్ మీద నా పక్కన నిలబడే ఆడవాళ్లకి నా ముఖం చూస్తే చాలు, పండుగ దగ్గరికొచ్చిందని తెలిసిపోయేది.

ఒక ఏడు ఆ హోటల్‌లో పెద్ద మరమ్మతులు మొదలయ్యాయి. తోటను తవ్వేశారు. మళ్లీ తెరిచినప్పుడు పిలుస్తామని చెప్పి బావని ఇంటికి పంపించేశారు. నేను సంతోషించాలి కదా? సంతోషించాను, కానీ భయంతోనే. వాళ్లు పిలిచేలోగా ఇక్కడ నిలకడగా ఒక పని దొరకాలి. దొరికితే ఉంటాడు, లేకపోతే మళ్లీ విమానం ఎక్కుతాడు. బావ ఫోన్ మోగితే చాలు, చేతిలో పని వదిలేసి ఎవరా అని చూసేదాన్ని.

మేము అద్దెకుండేది నాచారానికీ ఉప్పల్‌కీ మధ్య ఒక పాత కాలనీలో. రైల్వేలోనూ, సైన్సు సంస్థల్లోనూ పనిచేసి రిటైరైనవాళ్ల ఇళ్లు ఎక్కువ. మధ్యలో ఒక పార్కు. అందులో గడ్డి ప్రతి చలికాలం పసుపుపచ్చగా ఎండిపోయేది. నేనే ఒక రోజు ధైర్యం చేసి కాలనీ ప్రెసిడెంట్ గారి గేటు తట్టాను. ఆయన గుంటూరు వైపు మనిషి, రైల్వేలో ఇంజనీరుగా చేశారు. మా బావ ఎడారిలోనే పచ్చగడ్డి పెంచాడండీ, ఇక్కడ పెంచలేడా అన్నాను.

"ఎడారిలోనా! సరేనమ్మా, చూద్దాం" అన్నారాయన నవ్వుతూ. "కొత్త సంవత్సరానికల్లా పార్కు పచ్చగా చేసి చూపించమనండి. చేస్తే ఈ పని పూర్తిగా ఆయనకే. పక్క కాలనీల వాళ్లకీ నేనే చెప్తాను."

బావ మర్నాడే పనిలోకి దిగాడు. ఉన్న గడ్డిని మట్టి కనిపించేదాకా కొట్టేశాడు. కాలనీ అంతా లబోదిబోమంది. పచ్చగా చేస్తానని చెప్పి పార్కుకి గుండు కొట్టించాడేమిటని నన్ను దారిలో ఆపి మరీ అడిగారు. బావ మాత్రం ఏదీ పట్టించుకోలేదు. ఆయన బెంగంతా రోలర్ గురించే. విత్తనం చల్లాక బరువైన రోలర్ లాగాలట, అది ఎక్కడా కిరాయికి దొరకలేదు. "ఎట్లనో గట్ల చేద్దాం తీ" అని, ఒక పొద్దున నేను లేవకముందే విత్తనాల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడు బతుకమ్మ పండుగ ఆలస్యంగా వచ్చింది. ఆ పొద్దే సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు.

మా కాలనీలో సద్దుల నాడు ఆడవాళ్లందరూ పార్కులోనే ఆడతారు. ఇదివరకు ఖాళీ ప్లాట్లుండేవి, ఇప్పుడు వాటిలో అపార్ట్‌మెంట్లు లేచాయి. మిగిలింది ఆ పార్కే. ఈ సంగతి కాలనీలో పిల్లికూనకి కూడా తెలుసు, బావకి వేరే చెప్పాలని నాకు తోచనే లేదు. నేను పొద్దంతా తంగేడు, గునుగు, బంతి పేర్చుకుంటూ ఇంట్లో కూర్చున్నాను. సాయంత్రం బతుకమ్మనెత్తుకుని వెళ్లి చూస్తే, పార్కు గేటు దగ్గర ఆడవాళ్లంతా ఆగిపోయి ఉన్నారు. గేటుకి అడ్డంగా తాడు. తాడుకి అవతల, నీళ్ల పైపు చేతిలో పట్టుకుని, మా బావ.

"ఇయ్యాలనే ఇత్తనం చల్లిన వదినా. ఇంక నీళ్లు గూడ పెట్టలే. ఎవ్వరు అడుగు పెట్టొద్దు."

"ఏంది తమ్మీ, సద్దుల నాడు తాడు కడ్తవా?" అంది మా పక్కింటి వదిన. "బతుకమ్మను ఏడ ఆడాలె, నీ నెత్తి మీదనా?"

అందరూ గొల్లున నవ్వారు. నాకు మాత్రం కోపం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. తాడు దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగాను. "నీకు యాదికి లేదా బావా, ఇయ్యాల సద్దులని?"

బావ ముఖం పాలిపోయింది. "నిజంగ యాదికి లేదు పిల్లా. ఈ నెలల నేనెన్నడన్న ఇంట్ల ఉన్ననా?"

ఆ మాటతో నా కోపం చల్లారిపోయింది. ఎండ ఎప్పుడు తగ్గుతుందో, విత్తనం ఎప్పుడు చల్లాలో అన్నీ గుర్తున్నాయి మనిషికి. పండుగే మరిచిపోయాడు. ఎడారి లెక్కన బతికి బతికి ఇక్కడి నెలలు ఆయనకి పరాయివైపోయాయి. అంత బాధ నాకు ఆ ఏళ్లలో ఏ పండుగ నాడూ కలగలేదు.

ప్రెసిడెంట్ గారు కూడా వచ్చి నిలబడ్డారు, ఏమీ తేల్చలేక. ఆపితే బావ కాలనీ ఆడవాళ్లకి పగవాడవుతాడు. వదిలితే చల్లిందంతా కాళ్ల కింద పోతుంది. వేరే చోటికి పోదాం పదండని నేనైనా అనాలి. ఏ చోటికి? బావ ఒకసారి నేల వైపు చూశాడు, ఒకసారి నా చేతుల్లో బతుకమ్మ వైపు చూశాడు. పైపు కింద పడేసి తాడు విప్పాడు.

"ఆడుండ్రి వదినా. గడ్డిదేముంది, మల్ల ఏస్త."

మళ్లీ వేయడానికి విత్తనం సంచీ అడుగున కొంచెమే మిగిలిందని నాకు తెలుసు. బతుకమ్మలన్నీ మధ్యలో పెట్టారు. వదిన పాట ఎత్తుకుంది. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నానే గానీ, వేసే ప్రతి అడుగూ నా కాపురం మీదే వేస్తున్నట్టుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ బెంచీ మీద కూర్చుని కన్నార్పకుండా నన్నే చూస్తున్నాడు. పెళ్లయ్యాక నేను బతుకమ్మ ఆడటం ఆయన చూడడం అదే మొదటిసారి. మేము బతుకమ్మలనెత్తుకుని చెరువుకి బయలుదేరుతుంటే, రాలిన పూలు ఏరేసి, చల్లినందుకు నీళ్లన్నా పెడదామని పైపు అందుకున్నాడు.

తర్వాతి రోజుల్లో పావురాలు, గోరింకలు దిగి పార్కు అంచుల వెంట విత్తనం ఏరుకు తిన్నాయి. బావ చేతులు చరిచి తరిమేవాడు, ఇటు తరిమితే అటు దిగేవి. నేను ఇంట్లో పాస్‌పోర్టున్న బీరువా వైపు చూడడం మానేశాను. అప్పుడొక పొద్దున బావ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని పార్కుకి లాక్కెళ్లాడు.

మధ్యలో పచ్చటి నూగు. గుండ్రంగా. బతుకమ్మలు పెట్టిన చోట బోడి నేల, దాని చుట్టూ మేము తిరిగిన మేరా గడ్డి, ఆ బయట మళ్లీ బోడి.

"ఇత్తనం మట్టిల గట్టిగ కూసోవాలె పిల్లా, గందుకే ఆడ రోలర్ గుంజుతం" అన్నాడు, వంగి ఆ నూగుని అరచేత్తో నిమురుతూ. "ఈడ రోలర్ లేదని మస్తు ఫికర్ చేసిన. మీరే తొక్కిన్రు. అణిగిన ఇత్తనం పిట్టలకు గూడ దొరకలే."

ఏడుస్తూ నవ్వాను. మిగిలిన విత్తనానికి ఇంకొంచెం కొనుక్కొచ్చి కలిపి, బోడి మూలల్లో చల్లాడు. ఆ తర్వాత సాయంత్రాలు కాలనీ ఆడవాళ్లని బతిమాలడమే పని. "ఓ వదినా, జర ఆ మూలకు పోయి ముచ్చట పెట్టుండ్రి." వాళ్లకి మాత్రం కావలసిందేముంది? తొక్కిందే తొక్కి, కాలనీ కబుర్లన్నీ ఆ మూలల్లోనే చెప్పుకున్నారు.

కొత్త సంవత్సరానికి పార్కు అంతా పచ్చబడింది. ఎండలు ముదిరితే ఇది పోయి కింది పాత గడ్డి లేస్తుందని, ఏడాది పొడుగునా చూసుకునే మనిషి కావాలని బావ చెబితే, ప్రెసిడెంట్ గారు మాట మీద నిలబడ్డారు. పీర్జాదిగూడలో ఒక కాలనీ వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు.

జనవరిలో ఒక పొద్దున నేను చాయ్ తీసుకుని పార్కుకి వెళ్లాను. ఉప్పల్‌లో రోడ్డు పక్కన నేను కొన్న ముదురు ఎరుపు స్వెటర్ వేసుకుని బావ గడ్డికి నీళ్లు పెడుతున్నాడు. ఫోన్ మోగింది. చేతులకి మట్టి ఉందని స్పీకర్ పెట్టమన్నాడు. అవతల కంపెనీలో మనవాళ్లని చూసుకునే మనిషి, జగిత్యాల వైపువాడు. హోటల్ మళ్లీ తెరుస్తున్నారట. వీసా తయారుగా ఉందట.

"ఎప్పుడొస్తున్నవ్ తమ్మీ?"

చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టేశాను. బావ నా వైపు చూడలేదు. తడిసిన గడ్డి వైపే చూస్తూ అన్నాడు.

"ఇప్పుడు సీజన్ అన్నా. గడ్డిని ఇడిసిపెట్టి ఎట్ల వస్త?"

అవతలి మనిషి ఏమీ అనలేకపోయాడు. పాపం, ఏమంటాడు? ఆ మాటకి జవాబు లేదు. అన్నేళ్లు నేను వెతికాను.