షిఫ్టు మార్చుకున్నాను

ఆ ఉదయం కుట్టుమిషను తొక్కుతుంటే పాదాలు బరువుగా అనిపించాయి. చూస్తే చెప్పులు పట్టనంతగా వాచాయి. ఎమ్మిగనూరు ఆర్‌ఎంపీ నాకు బీపీ ఉందని ఎప్పుడో చెప్పాడు. తలనొప్పే లేనప్పుడు మాత్ర ఎందుకని మానేసిన గొప్ప తెలివి నాది. మొహం కూడా ఉబ్బాక ఆదోని పోయాను.

"క్రియాటినిన్ చాలా ఎక్కువుందమ్మా. కిడ్నీలు రెండూ ష్రింక్ అయినాయి. డయాలసిస్ తప్ప దారి లేదు" అన్నారు డాక్టరు. సూది గుచ్చడానికి చేతి నరాలు కలిపి పెట్టిన ఫిస్టులా మొదట ఫెయిలైంది. మెడలో కాథెటర్ గొట్టంతో తల తిప్పలేక నరకం చూశాను. రెండోసారి పెట్టింది నిలిచింది.

ఆ రోజుల్లో నాకు ధైర్యం డయాలసిస్ యూనిట్లో పక్క మంచం రూతమ్మ. ఆస్పరి దగ్గర కూలి పనులు చేసుకునే మనిషి. ఆమెది పెంతెకొస్తు, మాది ఆర్‌సీఎం, కతోలిక గుడి. ఆమె పాట ఎత్తుకుంటే నేను సన్నగా గొంతు కలిపేదాన్ని. నేను జపమాల తిప్పుతుంటే, "ఒక పూసకు నా పేరూ సెప్పక్కా" అనేది.

ఒక సోమవారం వాళ్ళ పాస్టరయ్య ఆమెకు ప్రభువు పేరున ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తెచ్చారు. మంచి మనిషే, నా పేరు కూడా అడిగి ప్రార్థన చేశారు. రొట్టె విరిచేసరికి నేనూ చెయ్యి చాపాను. ఆయన ఇబ్బంది పడుతూ, "మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నోళ్ళకేనమ్మా, ఏమనుకోవద్దు" అన్నారు. చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన పోయాక రూతమ్మ నవ్వించబోయింది. "రసంలో పొటాషియం ఎక్కువుంటాది, కిడ్నీలకు పడదు, అందుకే నీకు ఇయ్యలేదులేక్కా."

నేను అటు తిరిగి పడుకున్నాను. మా గుడికి ఆమె వస్తే మా ఫాదర్ మాత్రం సత్ప్రసాదం ఇచ్చేవారా? ఆ సంగతి అప్పుడు తట్టలేదు. బస్సు కుదరడం లేదని నర్సు సిస్టరుకు అబద్ధం చెప్పి ఉదయం షిఫ్టు నుంచి మధ్యాహ్నం షిఫ్టుకు మారాను. రూతమ్మ బతిమాలాలని నా ఆశ. ఫోన్ చేసింది కూడా. ఇంకోసారి చేయనీలే అని ఎత్తలేదు.

వానలప్పుడు ఆమెకు ఇన్ఫెక్షన్ వచ్చి కర్నూలుకు తీసుకుపోయారట. తిరిగి రాలేదు. ఆమె భర్త యూనిట్లో మిగిలిన దుప్పటి కోసం వచ్చి, నన్ను చూసి ఆగాడు.

"డయాలసిస్ మిషను మీదున్నంత సేపూ వాకిలి దిక్కే సూస్తాండె అక్కా. ఆ పొద్దు రొట్టె కూడా తినలేదు. నీ కోపం పోయినాక ఇద్దరూ తినాలని దాపెట్టింది. బూజు పట్టినా పారేయనియ్యలేదు."

అతని ముందే భోరుమని ఏడ్చాను. ఇంకేం చేయను?

ఇప్పుడు ఉదయం షిఫ్టుకే వస్తున్నాను. నీళ్ళు కొలుచుకుని తాగుతాను, ఓపికున్న రోజు జాకెట్లు కుడతాను. జపమాలలో ఒక పూస రూతమ్మది. పాట ఎత్తేవాళ్ళే లేరు.

డయాలసిస్‌కు కొత్తగా వచ్చేవాళ్ళకు నీళ్ళ సంగతి, మాత్రల సంగతి డాక్టర్లు చెబుతారు. నేను చెప్పేది ఒకటే. మనకు అలిగేంత తీరిక లేదు. పక్క మంచం మనిషి మీద కోపమొస్తే అక్కడే పోట్లాడండి, షిఫ్టు మాత్రం మార్చుకోకండి.